ఉత్త గోలీ

నా బక్కమ్మను చంపింది దవాఖానోళ్లు. లారీ కాదు.

లారీ దాని తొవ్వన అది పోయింది.

మా ఊరు లక్డారంల పొద్దుగాల గాలి చేదుగుంటది... కంపెనీల పొగ. ఆ చేదుల ఆమె పొయ్యి ముందట కూసునేది. బువ్వ మాడి పొయ్యి ఆరిపోయేది. ఎందుకు కూసున్నదో యాదికుండేది కాదు.

స్కిజోఫ్రీనియా అన్నరు. చెవులల్ల మాటలు పాత మందుకే తగ్గినయి. మతి మాత్రం నిలువలే. బిందె పట్టుకొని పోతే ఇల్లు మరిచేది.

పట్నం దవాఖానల డాక్టర్ రాజారావు చెప్పిండు — "మతి నిలవడానికి కొత్త మందు, పరీక్ష చేస్తున్నాం. సగం మందికి అసలుది, సగం మందికి ఉత్త గోలీ. ఎవరికేదో మాకూ తెలీదు."

బక్కమ్మ వేలిముద్ర పెట్టింది.

మంగళారం మంగళారం జీపు వచ్చేది. దవాఖానల స్నిగ్ధ అనే పిల్ల ఎదురుంగ కూసోని, మతి ఎంత నిలిచిందో చూసెతందుకు అడిగేది — "అమ్మా, జంతువుల పేర్లు చెప్పు."

బక్కమ్మ గోడను చూసేది.

వానలు పడ్డయి. కంపెనీల నీళ్లు కలిసి వాగు నురుగు కక్కింది. అప్పుడు నోరు తెరిచింది.

"రాజి. మల్లి. చుక్క. కొమ్మిరిగిన గౌరి..."

ఆ వాగు నీళ్లు తాగి చచ్చిన మా బర్రెలు.

"జంతువులమ్మా!"

"మరి గౌరి ఏంది పిల్లా, నీ మేనత్తా?"

పిల్ల నవ్వింది. బక్కమ్మ నవ్వింది. పెండ్లయిన కొత్తల విన్న నవ్వు.

ఇగ బువ్వ మాడలే. బిందె ఇల్లు చేరింది.

ఎండలు ముదిరినంక రాజారావు పిలిచిండు. "పరీక్ష ఆపేశారు పెద్దాయనా. మందు పనిచెయ్యలేదు. మీ ఆవిడకి ఇచ్చింది ఉత్త గోలీయే."

"అయితే ఆ ఉత్తదే ఇయ్యుండ్రి సారూ."

"అందులో ఏమీ లేదయ్యా."

"ఏం లేందే ఇయ్యుండ్రి. ఆ పిల్లను పంపుండ్రి."

ఆయన తలుపు దిక్కు చూసిండు.

జీపు రాలే.

మంగళారం వస్తే బక్కమ్మ తల దువ్వుకొని గడపల కూసునేది. "పిల్ల రాలేదా?" అనేది. తర్వాత అడుగుడు బందు పెట్టింది. బువ్వ మళ్ల మాడింది.

ఒక మంగళారం ముంబై రోడ్డుకు నడిచింది. ఇల్లు మరిచి కాదు. తల దువ్వుకున్నది. జీపుకు ఎదురు పోయింది.

లారీ వచ్చింది.

మొన్న స్నిగ్ధ ఫోన్ చేసింది. ఇంకో కొత్త మందట... ఇంకో పరీక్షట.

"యాదన్నా, అమ్మ ఎట్లున్నది? తీసుకొస్తవా?"

ఫోన్ కట్ చేసిన.

అమ్మ లేదని ఆ పిల్లకు చెప్ప. ఇంకెవ్వరికీ చెప్ప. ఈ ముచ్చట నా నోట మళ్ల రాదు.