వీపు మాత్రమే కనిపించింది

సారు అన్నం గిన్నె పక్కకి నెట్టి భార్యతో ఏదో అన్నాడు. సత్యకుమారికి కొరియా భాష రాదు. కానీ ఆ గొంతు తెలుసు. రోజంతా ఇంట్లోనే ఉంటావు, ఇదైనా చూసుకోలేవా అనే గొంతు. రాజోల్లో తన మొగుడు అప్పాజీదీ అదే గొంతు. అన్నం మెత్తగా వండింది సత్యకుమారి, మాట పడింది హేజూ మేడం.

సారు దుబాయ్ దగ్గరి ఫుజైరాలో చమురు ట్యాంకుల కంపెనీ ఇంజినీరు. ఆయన వెంట వచ్చిన మేడం ఒకప్పుడు సినిమా డైరెక్టరని సత్యకుమారికి పనిలో చేరిన ఆర్నెల్లకి గానీ తెలీలేదు. ఇద్దరూ కూర్చుని కూర బాగుచేస్తుంటే, వచ్చీరాని ఇంగ్లీషులో మేడమే చెప్పుకొచ్చింది. ఇరవై మూడేళ్లకి ఓ పెద్ద డైరెక్టరు దగ్గర చేరిందట. పన్నెండేళ్లు ఆయనకి కథలూ మాటలూ రాసింది, కాఫీలూ కలిపింది. తెర మీద ఒక్కసారీ పేరు పడలేదు. తర్వాత సొంతంగా తీసిన మొదటి సినిమాని అందరూ మెచ్చుకున్నారు. రెండోది ఆడలేదు.

"మగాళ్లవి మూడు పోయినా నాలుగోది ఇస్తారు కుమారీ. నాది ఒక్కటి పోయింది, నా ఫోన్లు ఎత్తడం మానేశారు."

ఆ పైన కాన్పు, పిల్ల, ఈ ఊరు. స్నేహితులొస్తే సారు నవ్వుతూ చెప్తాడు, మా ఆవిడకి రాసుకోవడం కాలక్షేపమని.

"నీ సంగతి చెప్పు," అంది మేడం ఒకరోజు. సత్యకుమారిని అంతవరకూ ఎవరూ అలా అడగలేదు. చెప్పేసింది. కరోనా రోజులు, విమానాల్లేవు. అప్పుడు పనిచేస్తున్న అరబ్బుల ఇంట్లో, ఫోను పిండి డబ్బాకి ఆనించి, శబ్దం తీసేసి, చపాతీలు ఒత్తుతూ తల్లి పెట్టెని సమాధిలోకి దించడం చూసింది. హాల్లోంచి "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ కేకలు.

"ఆ రోజు ఒక్క చపాతీ కూడా మాడలేదు మేడం. నాకు సిగ్గేసేది అదే."

మేడం ఏడ్చింది. రాసుకుంది. "ఇది సినిమా అవుతుంది. అందులో ఉండేది నువ్వే," అంది.

ఆ సంగతి ఫోన్లో చెబితే అప్పాజీ, "నువ్వెళ్లింది పనికా, కథలు చెప్పడానికా?" అన్నాడు.

నిజంగానే సినిమా కుదిరింది. మేడం పది నెలలు సియోల్లో ఉంది. ఆ పది నెలలూ పిల్ల జ్వరాలూ, జడలూ, బడీ, రోజూ సారు విసుగూ అన్నీ సత్యకుమారివే.

తిరిగొచ్చాక మేడం ఆమెని సోఫాలో పక్కన కూర్చోబెట్టుకుని లాప్‌టాప్‌లో సినిమా పెట్టింది. తెల్లగా, నాజూగ్గా ఉన్న కొరియా నటి పిండి డబ్బాకి ఫోను ఆనించి తల్లి అంత్యక్రియలు చూస్తోంది. వెనకాల సింకు దగ్గర ఒక పనిమనిషి గిన్నెలు తోముతోంది. వీపు మాత్రమే కనిపించింది.

"నేనెక్కడ మేడం?"

మేడం సినిమా ఆపింది. "నిర్మాతలు ఒప్పుకోలేదు. మా జనం మావాళ్ల కోసమే ఏడుస్తారన్నారు. తొమ్మిదేళ్లకి దొరికిన అవకాశం కుమారీ. పేరు లేకుండా పన్నెండేళ్లు రాశాను నేను. అదెలా ఉంటుందో నీకు తెలుసుగా."

"తెలుసు మేడం. మీకూ తెలుసు కదా."

మేడం తలొంచుకుంది. ఆ సిగ్గు నిజమైనదే. అయినా కాసేపటికి గొంతు సవరించుకుని, "ఇంకో కథ అడుగుతున్నారు. ఊళ్లో వదిలొచ్చిన మీ అమ్మాయి గురించి ఏదో చెప్పబోయావు అప్పుడు..." అంది.

"ఖలాస్ మేడం. చెప్పడానికేం లేదు." స్కూలు బస్సొచ్చే వేళైందని లేచిపోయింది.

ఆ ఆదివారం తెలుగువాళ్ల ప్రార్థనలో పాస్టరుగారు, తమ జీవితంలో జరిగింది లేచి నలుగురికీ సాక్ష్యంగా చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగారు. నాలుగేళ్లుగా వెనక వరసలో తల దించుకు కూర్చునే సత్యకుమారి లేచి నిలబడింది. ముందు కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. అందరూ తిరిగి చూశారు.

"మా అమ్మ పేరు మాణిక్యాంబ," అంది.