ముక్కు లేని హంస

ధర్మవరంలో చీరల అంచులకు బొమ్మలు గీసే మా గంగాధరప్పకు 1961లో బావులతో పాటు ఊహలు కూడా ఎండిపోయాయట. ప్రేరణ కోసం రైలెక్కి మద్రాసు వెళ్లి, ఒక్క రోజులో నాలుగు చిత్రశాలలు చుట్టి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి మగ్గాల దగ్గర మాకు ఒకటే ఉపన్యాసం. మా కళ్లకు చదువు లేదట.

చివరికి కొత్త అంచు గీసిన కాగితం విప్పాడు. వరసగా హంసలు. మూడోదానికి మాత్రం ముక్కు లేదు.

"ఆడ అద్దాల పెట్టెలో పాత చీర ఒకటుండాది. ఈ హంసను చూసి గంటసేపు కదల్లేదన్నా! ముక్కు లేకపోవడమే దీని గొప్ప. లోకం మీద మౌనంగా తిరగబడతాండాది" అన్నాడు.

కండెలు చుడుతున్న అతని తల్లి నాగలక్ష్మమ్మ లేచి వచ్చి కాగితం చూసింది.

"ఇది నేను నేసిన చీరే కదరా! మూడో హంస కాడికొచ్చేసరికి నీ పురిటినొప్పులు మొదలైనాయి. చెయ్యి తప్పింది. ఆ పొద్దు నా వల్ల రెండు తప్పులు జరిగినాయి నాయనా. ఒకటి అద్దాల పెట్టెలో ఉండాది. రెండోది నా ముందర నిలబడి పెద్ద మాటలు చెప్తాండాది."