ఒక్క పిన్నుకు ఆరు లైట్లు

బిడ్డ పుట్టాక కోడలు మళ్ళీ పనిలో చేరిన మొదటి రోజది. ఇంట్లో పసిదాన్ని చూసుకునేది అత్తగారు. ఆవిడకు రెండు చెవులూ వినపడవు. అందుకే కోడలు ఉయ్యాలకు ఓ బుల్లి మైకు, దానికో చిప్పు, వంటింటి గోడకో ఎర్ర ఎల్ఈడీ బిగించింది. పాప ఏడిస్తే లైటు వెలుగుతుంది.

"ముగ్గుర్ని పెంచినదాన్ని, నాకు లైటు చెప్పాలా?" అని అత్తగారు మూతి ముడుచుకుంది. ఆ తర్వాత, "పొయ్యి దగ్గరికి అది కంటికి ఆనడం లేదమ్మా" అంది. నిన్న సాయంత్రం కోడలు హడావిడిగా మరో ఐదు లైట్లు తగిలించింది. ఎక్కడ? మొదటి లైటున్న అదే చిప్పు పిన్నుకి!

ఫ్యాక్టరీలో ఆమె పని బోర్డులు పరీక్షించడం. ఇవాళ మాడిపోయిన బోర్డొకటి చేతికొచ్చింది. "ఒక్క పిన్ను ఇంత కరెంటు ఎలా మోస్తుంది? మధ్యలో ట్రాన్సిస్టర్ పెట్టాలని తెలీదా? ఎవరో గానీ బుర్ర ఇంట్లో పెట్టొచ్చారు" అని పక్కావిడతో అంటూ అంటూ నోరు మూసుకుంది. బుర్ర ఇంట్లో పెట్టొచ్చింది తనే.

ఆ పిన్ను కాలిపోతే లైటు వెలగదు. పాప గుక్కపట్టి ఏడ్చినా అత్తగారికి తెలియదు. ఫోను చేద్దామంటే ఆవిడకు మోగేదీ వినపడదు. సూపర్‌వైజర్‌కి కడుపునొప్పని చెప్పి బయటపడింది. బస్సు ప్రతి స్టాపులోనూ తీరిగ్గా ఆగుతుంటే డ్రైవర్ని నమిలి మింగేయాలనిపించింది.

తలుపు తోసేసరికి వంటింటి గోడ మీద ఆరు లైట్లూ ఎర్రగా మండుతున్నాయి. ఇల్లు మాత్రం నిశ్శబ్దంగా ఉంది. ఆమె చెప్పులతోనే లోపలికి పరుగెత్తింది.

పడగ్గదిలో అత్తగారు పాపను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. పాప ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. ఆవిడ కాళ్ళు వణుకుతున్నాయి. పొయ్యి వెలిగించిన జాడే లేదు.

"నువ్వెళ్ళిన కాసేపటికి వెలిగింది, ఇక ఆరలేదమ్మా" అంది ఆవిడ ఏడుపు గొంతుతో. "పాలు పట్టాను, బట్ట మార్చాను, ఎత్తుకుని తిప్పుతూనే ఉన్నాను. ఏం చేసినా ఊరుకోవడం లేదు."

పిన్ను పాడై, లైట్లు వెలిగినవి వెలిగినట్టే ఉండిపోయాయని కోడలికి అర్థమైంది. పెదాలు స్పష్టంగా కదుపుతూ అడిగింది: "నిద్రపోతోంది కదత్తయ్యా! మొహం చూస్తే తెలియలేదా?"

"తెలిసింది. కానీ నన్ను నమ్మలేకే కదా అది పెట్టావు? చెవుల్లాగే నా కళ్ళూ పోయాయేమో అనుకున్నాను."

కోడలికి సిగ్గుతో తల వంగిపోయింది. వంటింట్లోకి వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

వెనకే వచ్చిన అత్తగారు చీకటైన గోడను చూసింది. పాపను భుజాన సర్దుకుని భయంభయంగా అడిగింది:

"ఇప్పుడు దించనా?"