శవాల బండికి డ్రైవరు

మా ఆయనంత పిరికివాణ్ణి ఈ భూమ్మీద నేను చూడలేదు. ఇది వెనకాల అంటున్న మాట కాదు, ఆయన ముఖం మీదే వందసార్లు అన్న మాట. బొద్దింకకి భయపడడు, పోలీసుకి భయపడడు, నాకైతే అసలే భయపడడు. శవమంటే మాత్రం పై ప్రాణాలు పైనే పోయేవి. మా చర్చి సంఘంలో ఎవరైనా చనిపోతే ఆ ఇంటికి వచ్చేవాడు గానీ, గేటు దాటేవాడు కాదు. లోపలికి వెళ్ళేవాళ్ళ గొడుగులు, సంచులు పట్టుకుంటానని తనే చేతులు చాపేవాడు. ఎంత మంచి మనిషో అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. నాకు నవ్వాగేది కాదు.

చిన్నప్పుడు వాళ్ళ నాన్న పోయిన రోజున, పెద్దవాళ్ళు ఈయన్ని శవం ఉన్న గదిలో ఒక్కణ్ణే కూర్చోబెట్టి శవపెట్టె తేవడానికి వెళ్ళారట. వాళ్ళు తిరిగొచ్చేసరికి పిల్లాడు మంచం కింద దూరి ఉన్నాడట. అప్పట్నుంచీ అంతే. పెళ్ళైన కొత్తలో ఈ సంగతి చెప్పి, "ఎవరితో అనకే" అన్నాడు. నేనేమో మా అక్కచెల్లెళ్ళందరికీ చెప్పాను.

అలాగని చేతకాని మనిషేం కాదు. స్కూలు బస్సు నడిపేవాడు. అప్పట్లో మేం సైకిల్ రిపేరు షాపు పైన రెండు గదుల్లో ఉండేవాళ్ళం. తెల్లారుతూనే కింద ఇనుప షట్టరు ఎత్తిన చప్పుడు, దాని వెనకే మా ఆయన గొంతు సవరించుకుని పాట అందుకోవడం. ఆ గొంతుకి రాగం ఒక్కటే, ఎన్ని పాటలున్నా అందులోనే సర్దుకోవాలి. ఖాకీ చొక్కా తొడుక్కుని, నేనిచ్చిన టీ నిలబడే తాగేసి, మెట్లు దడదడా దిగేవాడు. ఆ చప్పుడు ఇప్పటికీ ఒక్కోసారి వినపడినట్టే ఉంటుంది. పిచ్చిదానిలా తలుపు వైపు చూస్తాను.

మాకు పిల్లల్లేరు. ఎవరైనా అడిగితే, "ఎందుకు లేరండీ, బస్సు నిండా ఉన్నారు" అనేవాడు. ఉత్త మాట కాదది. ఏ పిల్లకి పన్ను ఊడింది, ఎవరింట్లో కుక్క ఈనింది, ఎవడు లెక్కల పరీక్ష రోజున కడుపునొప్పి తెచ్చుకున్నాడు, అన్నీ సాయంత్రం టీతో పాటు నాకు అందేవి. ఆ పిల్లల ముఖాలు చూడకుండానే నాకు వాళ్ళ జాతకాలన్నీ తెలుసు. పిల్లలు ఆయన్ని "బస్సు మామయ్యా" అని పిలిచేవాళ్ళు. ప్రతి స్టాపులో బండి కదిలే ముందు, తల మీదున్న పెద్ద అద్దంలోకి చూస్తూ, "అందరూ కూర్చున్నారా?" అని కేక వేసేవాడు. "కూర్చున్నాం!" అని బస్సు కప్పు ఎగిరిపోయేలా అరిచేవాళ్ళు. ఒక్కరు నిలబడి ఉన్నా చక్రం కదిలేది కాదు. ఇంట్లో నేను వంట ఆలస్యం చేస్తే అలా ఓపిగ్గా కూర్చున్న పాపాన పోలేదు!

ఇలా నడుస్తున్న సంసారంలోకి ఆ వ్యాను వచ్చింది.

మా సంఘంలో కూరగాయల వ్యాపారం చేసే ఒక పెద్దాయన ఉండేవాడు. పోతూ పోతూ తన వ్యాను చర్చికి రాసిచ్చాడు. పెద్దాసుపత్రిలో చనిపోయిన బీదవాళ్ళని ఇళ్ళకి చేర్చడానికి మాత్రమే వాడాలని షరతు. ఆసుపత్రి గేటు దగ్గర బండ్లవాళ్ళు అడిగింది ఇచ్చుకోలేక, జనం తమ వాళ్ళని తోపుడుబండి మీద వేసుకుని వెళ్ళడం ఆయన కళ్ళారా చూశాడట. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు లేచి, "బండి ఉంది, డ్రైవరు లేడు. దేవుడు ఎవర్ని పిలుస్తున్నాడో వాళ్ళకే తెలియాలి" అన్నారు.

సంఘంలో దర్జీలున్నారు, గుమాస్తాలున్నారు, టీచర్లున్నారు. డ్రైవరు ఒక్కడే. తలలన్నీ మా బెంచీ వైపు తిరిగాయి. మా ఆయన చటుక్కున వంగి బూట్ల లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆయన వేసుకున్నవి చెప్పులు.

ఆ మధ్యాహ్నం అన్నం కెలికి లేచిపోయాడు. "ఏమే, నన్ను పిలిచినట్టనిపించింది" అన్నాడు.

"పిలిచింది దేవుడా, అయ్యగారి కళ్ళజోడా? ఆయనగారు మీ వైపే గుచ్చి గుచ్చి చూశారు."

"నేను తల దించుకునే ఉన్నాను కదే, చూస్తే నాకెలా తెలుస్తుంది? అయినా వినపడింది."

ఇక ఆ వారమంతా ఇంట్లో ఒకటే రగడ. "ప్రభువా, చర్చి ఊడ్వమను, ఊడుస్తాను. బతికున్నవాళ్ళని ఎంత దూరమైనా దిగబెడతాను. ఇదొక్కటీ అడక్కు" అని పైకే ప్రార్థన చేసేవాడు. నేను వంటగదిలోంచి, "దేవుడితో కూడా బేరాలేనా?" అని అరిచేదాన్ని. భయం పోతే వెళ్తానని మొక్కాడు. భయం పోలేదు. వారమంతా వ్యాను చర్చి పక్క సందులో దుమ్ము తింటూ ఉండిపోయింది.

శనివారం, స్కూలు సెలవు. మధ్యాహ్నం అయ్యగారు ఆయాసపడుతూ మా మెట్లెక్కారు. ఆసుపత్రి మెట్ల మీద ఒక తల్లి పొద్దుట్నుంచీ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. ఏడేళ్ళవాడు, జ్వరంతో పోయాడు. ఆమె ముసలి తండ్రి తప్ప తోడు ఎవరూ లేరు. ఏ బండీ రానంటోంది. అయ్యగారు నేనిచ్చిన మంచినీళ్ళు తాగి కూర్చున్నారు.

మా ఆయన గోడ వైపు తిరిగి కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఖాకీ చొక్కా తీసి తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకోవడానికి చేతులు సహకరించడం లేదు, నేనే పెట్టాను. "భయం పోయాక వెళ్దామని చూస్తే నేనెప్పటికీ వెళ్ళనే" అన్నాడు. "నువ్వు కూడా రా."

ఆ తల్లి నాకన్నా చిన్నది. బిడ్డని దుప్పట్లో చుట్టి, నిద్రపోతున్నవాణ్ణి ఎత్తుకున్నట్టే భుజాన వేసుకుంది. వ్యాను వెనక ఆమె, ముసలాయన, నేను కూర్చున్నాం. మా ఆయన మా వైపు చూడకుండానే తలుపు వేసి, వచ్చి ముందు కూర్చుని, వెనక ఏమీ కనపడకుండా తల మీది అద్దాన్ని కప్పు వైపు తిప్పేశాడు. తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. అందుకోగానే, ఏళ్ళ తరబడి అలవాటైన నోరు కదా, గట్టిగా అనేశాడు.

"అందరూ కూర్చున్నారా?"

ఆయన మెడ వెనక చెమట కనపడుతోంది. భూమి చీలితే అందులోకి దూరిపోయేవాడే. ముసలాయన తలెత్తి చూశాడు. ఏం తిడతాడో, ఏం శాపం పెడతాడో అనుకున్నాను.

"కూర్చున్నాం అన్నా" అంది ఆ తల్లి. "వీడు పడుకున్నాడు. మెల్లగా పోనీ."

మా ఆయన చెయ్యి పైకెత్తి అద్దాన్ని మళ్ళీ సరిచేశాడు. వెనక్కి చూశాడు. ఆ పిల్లాడి ముఖం వైపే చూశాడు. తర్వాత బండి కదిలించాడు. గుంత వస్తే ఆగి, దిగి చూసినంత పని చేసి, చక్రం తర్వాత చక్రం దింపుకుంటూ నడిపాడు. వెనక బండివాళ్ళెవరో హారన్ కొడితే, జీవితంలో మొదటిసారి ఆయన నోట బూతు విన్నాను. వాళ్ళ ఇంటి ముందు ఆగాక, ఆ తల్లి బండి దిగలేక అక్కడే కూర్చుండిపోయింది. అప్పుడు మా ఆయనే బిడ్డని రెండు చేతులతో అందుకుని గడప దాటి లోపలికి తీసుకెళ్ళాడు.

ఆ రోజుతో భయం పోయిందా అని చాలామంది అడిగేవాళ్ళు. ఎక్కడ పోయింది! చివరిదాకా పోలేదు. ఆసుపత్రి నుంచి కబురు వచ్చిన ప్రతిసారీ ముఖం పాలిపోయేది, ప్రతిసారీ బొత్తాలు నేనే పెట్టేదాన్ని, ప్రతిసారీ వెళ్ళేవాడు. బస్సు పని ఉదయం, సాయంత్రం, మధ్యలో వ్యాను. అలా కొన్నాళ్ళు బాగానే నడిచింది.

ఊరి నోటికి మూత ఉండదు కదా. ఆసుపత్రి దగ్గర ఎవరో తండ్రి ఆయన్ని చూశాడు. "శవాలు మోసిన చేతుల్తో మా పిల్లల్ని ఎక్కించుకుంటాడా?" అని స్కూలుకి వెళ్ళి గొడవ. ఒకరు మొదలుపెడితే పదిమంది అందుకున్నారు. పెద్ద టీచరమ్మ మంచిదే, పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకుందట. "రెండూ కుదరవు, ఏదో ఒకటి మానుకోండి. నెలాఖరు దాకా ఆలోచించుకోండి" అంది.

ఇందులో ఆలోచించడానికేముంది? నేనైతే ఒక్క క్షణంలో తేల్చేశాను. "వ్యాను మానెయ్యండి. చేసినంత చేశారు. దేవుడికి ఇంకో డ్రైవరు దొరక్కపోడు."

"దేవుడికి దొరుకుతాడే. మెట్ల మీద కూర్చున్నవాళ్ళకి దొరకాలిగా."

"మరి పిల్లలు? వాళ్ళు లేకుండా మీరుండగలరా?"

ఆయన తలుపు చెక్క మీద గోటితో గీకుతూ నిలబడ్డాడు. నేను ఆ నెలంతా మూతి ముడుచుకునే తిరిగాను. దేవుడితో కూడా మాట్లాడలేదు. ఆయన్ని పిలిచావు సరే, మాకు ఇవ్వని పిల్లల బదులు ఇచ్చిన పిల్లల్ని కూడా లాక్కుంటావా, ఇదేం న్యాయం అని ఒకే ఒక్కసారి అడిగి ఊరుకున్నాను. అడగడం తప్పని నేనిప్పటికీ అనుకోను.

నెలాఖరున ఆయన బస్సుకి రాజీనామా ఇచ్చాడు. తర్వాత పిండి మిల్లు వాళ్ళు లారీ నడిపే పని ఇచ్చారు, బతికాం, అది వేరే సంగతి. ఆ చివరి సాయంత్రం మాత్రం నన్ను బస్సు ఎక్కించుకున్నాడు. "ఒక్కణ్ణే ఖాళీ బస్సు వెనక్కి తీసుకురాలేనే" అన్నాడు. వెనక సీట్లో కూర్చున్నాను. పెన్సిలు పొట్టు వాసన, తడి సాక్సుల వాసన, తోలు సంచుల వాసన. ఇన్నాళ్ళూ టీతో పాటు విన్న పిల్లలందర్నీ అప్పుడే చూడటం. పన్ను ఊడిన పిల్లకి కొత్త పన్ను వచ్చేసింది. కడుపునొప్పివాణ్ణి ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టాను. పెద్దవాళ్ళకి ఏం తెలుసో గానీ పిల్లలకి ఏమీ తెలియదు, రోజూలాగే అరుస్తున్నారు, ఒక్కొక్కళ్ళే చెయ్యి ఊపి దిగిపోతున్నారు. ప్రతి స్టాపులో ఆయన భుజాలు కాస్త కుంగుతున్నాయి.

ఆఖరి స్టాపుకి ఒక్క పాప మిగిలింది. ఆయన దాన్ని ప్రశ్నల పుట్ట అనేవాడు. సంచీ భుజాన వేసుకుని ముందుకొచ్చింది.

"రేపట్నుంచి వేరే మామయ్య వస్తాడంట, మా అమ్మ చెప్పింది. నిజమేనా?"

"నిజమేనమ్మా."

"మరి నువ్వు ఎవర్ని తీసుకెళ్తావు?"

మా ఆయనకి అబద్ధమాడటం రాదు. "తీసుకెళ్ళడానికి ఎవరూ లేనివాళ్ళని" అన్నాడు.

"వాళ్ళకి బస్సు లేదా?"

"లేదమ్మా."

ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని ఆలోచించింది. "అయ్యో! అయితే నువ్వు వెళ్ళిపో మామయ్యా. పాపం, వాళ్ళు ఎదురుచూస్తుంటారు" అంది. గబగబా దిగి, వెనక్కి తిరక్కుండా ఇంట్లోకి పరిగెత్తింది.

మా ఆయన స్టీరింగు మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నెల రోజులు మొగుడితో, దేవుడితో పోట్లాడినదాన్ని, అయ్యగారి ప్రసంగానికే కరగనిదాన్ని, నాకూ ఏడుపు ఆగలేదు. ఖాళీ సీట్లు పట్టుకుంటూ ముందుకి వెళ్ళి, ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

"లేవండి" అన్నాను. "ఎదురుచూస్తుంటారట."