వెన్నుపూసల నడుమ

పరిశోధనశాలలో ఆమెను అందరూ గొర్రెల డాక్టరమ్మ అంటారు. గొర్రె వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని డిస్కును సూదితో గాయపరచడం, అది ఎండిపోయాక జిగురులాంటి మందు ఎక్కించి, కోలుకుంటుందేమో చూడడం ఆమె పని. గొర్రె నడుము డిస్కుకూ మనిషి డిస్కుకూ చాలా పోలిక ఉంది మరి.

ఇంట్లో భర్త డిస్కూ అరిగిపోయింది. ఏళ్ళ తరబడి బస్సు నడిపిన మనిషి. ఇప్పుడు మంచంమీద పడుకోలేక, ముందుగదిలో నేలమీదే పడుకుంటాడు. లోపల మంచంమీద ఆమె ఒక్కతే. ఒకప్పుడు ఆయన గురకకు విసుక్కునేది. ఇప్పుడు ఆ గురక వినిపిస్తుందేమోనని చెవులు రిక్కిస్తుంది.

ఆ రోజు స్కానులో ఒక గొర్రెకు మందు ఎక్కించిన డిస్కు తెల్లగా కనిపించింది. మందు ఎక్కించని పక్క డిస్కు బొగ్గులా ఉంది. తెలుపంటే లోపల మళ్ళీ నీరు చేరిందన్నమాట. ఆమె కాలు నేలమీద నిలవలేదు. ఇల్లు చేరి, చెప్పులైనా విప్పకుండా ఆ సంగతి చెప్పింది.

“అయితే నన్నూ ఆ మందలోకి తోలెయ్. గడ్డి తినమన్నా తింటా,” అన్నాడాయన పడుకునే.

ఆమెకు నవ్వొచ్చింది.

“మనుషులదాకా ఎప్పుడొస్తుంది?”

“ఏళ్ళు పడుతుందండీ. వస్తుందని కూడా చెప్పలేను.”

“పోన్లే, ఆ గొర్రెకి నయమైందిగా. వదిలేస్తారా?”

ఆమె చూపు తిప్పుకుంది. “లేదు. రేపు మత్తిచ్చి దాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చేస్తాం. డిస్కు కోసి చూపిస్తేగానీ ఎవరూ నమ్మరు.”



“బాగా నడుస్తోందా?”

“లేడిపిల్లలా గెంతుతోంది.”

“దానికి నొప్పి తెలియనివ్వకు,” అన్నాడు.

మర్నాడు సూది తనే వేసింది. తల బరువెక్కి ఒళ్ళో వాలేదాకా గొర్రె చెవుల వెనక నిమురుతూ కూర్చుంది. తర్వాత డిస్కును అడ్డంగా కోస్తే లోపల తడి, కొద్దిపాటి మెరుపు. తోటివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమెకు మాత్రం ఇంటికి పోవాలనిపించింది.

వెళ్ళి, ఆయన పక్కన ఒక దుప్పటి పరిచింది.

“ఇక్కడెందుకు? నీ నడుమూ పోతుంది.”

“పోతే పోనివ్వండి. కాస్త జరగండి.”

ఆయన పళ్ళు బిగబట్టి, మోచేతిమీద బరువు మోపి, జానెడు చోటిచ్చాడు. అంతమాత్రానికే నుదుట చెమట పట్టింది. ఆ భుజంమీద తల వాల్చాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. వాలిస్తే ఆయన నడుము కలుక్కుమంటుందని తెలుసు. వాల్చకుండా, ఊపిరి తగిలేంత దగ్గరగా పడుకుంది.