పంతులమ్మ గొంతు

స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి పంతులమ్మ పదమూడో ఎక్కం గుసగుసగా చెప్పుకుంటోంది. ఎడమ అరచెయ్యి గొంతు మీద ఆనించి పెట్టుకుంది. వేళ్ళకు అదురు తెలియకూడదు. తెలిసిందంటే గొంతు పెరిగినట్టు లెక్క. పక్క తరగతి టీచరు జాలిపడి నేర్పిన చిట్కా అది. ఎక్కం సగంలో వేళ్ళ కింద కాస్త అదిరింది. మళ్ళీ మొదటికి వచ్చింది.

పాతికేళ్ళకు పైగా లెక్కలు చెప్పిన మనిషి. రేకుల కప్పు కింద ఎనభై మంది పిల్లలు, పైన వాన దంచి కొడుతున్నా ఆఖరి బెంచీవాడికి భాగహారం బోధపడేది. ఆమె ఎక్కాలు చెప్పించే వేళకు బడి ఎదురు కొట్లో దర్జీకి కొలతలు తప్పేవట. చొక్కా చేతులు హెచ్చుతగ్గులైతే నేరం బడి మీదికి తోసేసేవాడు. భర్త అచ్చాఫీసులో మిషను మనిషి. క్యారేజీ పట్టుకుని వెళ్ళినప్పుడు ఆ రొదలో నిలబడి కబుర్లు చెప్పేది. "మిషను ఆపకుండా నాతో మాట్లాడగలిగినదానివి నువ్వొక్కదానివే" అని ఆయన మురిసిపోయేవాడు. ఆ అచ్చాఫీసు మూతపడిన ఏడాదే, ఈ పరాయి దేశంలో లెక్కల టీచర్లు కావాలని తెలిసింది. పిల్లాజెల్లా లేని ఇద్దరూ రెండు పెట్టెలు సర్దుకుని వచ్చేశారు.

వచ్చిన మొదటి వారంలోనే ఒక పిల్ల ఏడుస్తూ ఇంటికి వెళ్ళింది. కొత్త టీచరు అరుస్తోందని తల్లి వచ్చి ఫిర్యాదు చేసింది. ప్రిన్సిపాలమ్మ గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, చాలా మర్యాదగా చెప్పింది. "మీరు పిల్లల మీద అరవక్కర్లేదండీ." పంతులమ్మకు తల కొట్టేసినట్టయింది. తను అరవలేదు. పలకరించింది, అంతే. ఉద్యోగం ఇంకా పరీక్ష మీద ఉంది. గొంతు తగ్గకపోతే ఖాయం చెయ్యరు, ఖాయం కాకపోతే తిరుగు ప్రయాణం. తిరిగి వెళ్ళినా అక్కడ కాచుకుని ఉన్నదేమీ లేదు.

ఇంట్లో ఒక గొంతు, బడిలో ఒక గొంతు అంటే కుదిరే పని కాదు. ఎప్పుడో ఒకప్పుడు పట్టు తప్పుతుంది. అందుకని ఇంట్లోనూ తగ్గించేసింది. అప్పటినుంచే ఆయన వరస మారింది. అడిగినదానికి ముక్తసరిగా "సరే" అంటాడు, ఒక నవ్వు నవ్వుతాడు, లేచి పక్కకు వెళ్ళిపోతాడు. భార్య సంపాదన తినాల్సి వచ్చిందని పౌరుషం పొడుచుకొచ్చింది కాబోలనుకుంది. ఒకరోజు కూరగాయలు తరుగుతూ ఆయనే అడిగాడు. "నా మీద కోపమా?" ఆమె పొయ్యి వైపు తిరిగి ఉంది. "కోపమెందుకండీ, మీ మీద నాకు?" అంది మెల్లగా. ఆయన కత్తి పట్టుకుని ఆమె వీపు వైపే చూశాడు. తర్వాత తల వంచుకుని తరగడం మొదలుపెట్టాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజు పొద్దున్న ఆయన మంచం అంచున కూర్చుని ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు. నుదుటి మీద చెమట. ముఖం పాలిపోయి ఉంది. వేళ్ళ మడతల్లో పాత సిరా మరక మాత్రం ఎప్పటిలా నల్లగా ఉంది. బడిలో ఆమె పాఠం చూసి ఉద్యోగం సంగతి తేల్చేది ఆ రోజే. అయినా మనసొప్పలేదు. వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ అడిగింది.

"నొప్పిగా ఉందా? డాక్టరు దగ్గరికి వెళ్దామా? బడి సంగతి తర్వాత చూసుకుందాం."

"సరే, సరే" అన్నాడాయన నవ్వుతూ. "నువ్వు జాగ్రత్తగా వెళ్ళిరా."

అడగనివ్వడం కూడా ఇష్టం లేదన్నమాట అనుకుంది. చివుక్కుమంది. సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చి తలుపు వేసింది.

పాఠం బాగానే జరిగింది. నల్లబల్ల మీద ఒక రొట్టె గీసి, దాన్ని ముక్కలు చేసి, భిన్నాలు కూడడం చెప్పింది. వెనక బెంచీలో కూర్చున్న ప్రిన్సిపాలమ్మ బయటికెళ్తూ ఆగి, "మీ గొంతు ఎంత హాయిగా ఉందో ఇప్పుడు! ఇక మీరు మా మనిషే" అంది. పంతులమ్మ కళ్ళు తుడుచుకుంది. అది సంతోషమో, ఏదో పోగొట్టుకున్న బాధో ఆమెకే తేలలేదు. సాయంత్రం ఆయనతో చెప్పాలి అనుకుంది. సరే అంటాడు, ఇంకేమంటాడు అని కూడా అనుకుంది.

మధ్యాహ్నం వినికిడి పరీక్షలు చేసే ఆమె ఒక పెట్టె పట్టుకుని వచ్చింది. అందరూ అయ్యాక రెండో వరసలో ఒక పిల్ల దగ్గర ఆగింది. ఎప్పుడూ నవ్వుతూ ఉండే పిల్ల. ఏం చెప్పినా తల ఊపుతుంది, లెక్క మాత్రం తప్పు చేస్తుంది. పంతులమ్మ అదంతా పరధ్యానం కింద జమకట్టేసింది. పరీక్ష చేసే ఆమె వెనక నిలబడి, నోటికి కాగితం అడ్డం పెట్టుకుని పేరు పెట్టి పిలిచింది. పిల్ల తలెత్తలేదు. ఇల్లు బొమ్మకు రంగు వేసుకుంటూనే ఉంది.

"ఇన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళకు తెలియలేదా?" అంది పంతులమ్మ.

"వాళ్ళమ్మ బజార్లో చేపలు అమ్ముతుంది. పెద్ద గొంతు. ఇంట్లో అన్నీ వినపడుతుంటే ఇక అనుమానం ఎవరికొస్తుంది?" పరికరాలు సర్దుకుంటూ ఆమె మామూలుగా చెప్పింది. "వినపడనివాళ్ళు ముందు నేర్చుకునేది నవ్వడం. తర్వాత సరే అనడం. మాటిమాటికీ ఏమిటేమిటని అడిగితే ఎదుటివాళ్ళు విసుక్కుంటారని భయం."

పంతులమ్మ చేతిలో సుద్దముక్క విరిగింది. మూడు పదులు దాటిన కాపురం. జీవితమంతా మిషను పక్కన నిలబడ్డ మనిషి చెవులు ఏమై ఉంటాయో ఆమెకు ఒక్కనాడూ తోచలేదు. తోచే అవసరమే రానివ్వలేదు ఆమె గొంతు. ఆ గొంతు తీసేసి ఆయన్ని ఇక్కడ ఒంటరిగా వదిలేసింది. "కోపమెందుకండీ" అన్న మాట ఆయనకు చేరలేదు. పొద్దున్న "నొప్పిగా ఉందా" అన్న మాటా చేరలేదు. సరే అన్నది దేనికి మరి?

ఇంటికి ఫోను చేసింది. ఎత్తలేదు. ఎలా ఎత్తుతాడు, మోగినట్టు తెలియాలి కదా. ప్రిన్సిపాలమ్మకు ఒక్క ముక్క చెప్పి, సంచీ కూడా తీసుకోకుండా బస్సెక్కింది. బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. ముసలివాళ్ళు నెమ్మదిగా ఎక్కారు, నెమ్మదిగా దిగారు. వెళ్ళగానే ముందు నొప్పి సంగతి అడగాలి. ఆయనకు వినపడేలా అడగాలి. ఉద్యోగం పోతే పోయింది.

తలుపు తీసింది. ఆయన కుర్చీలో కూర్చుని ఆమెవైపే చూస్తున్నాడు. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది.

"ఏవండీ" అంది. అలవాటైపోయిన కొత్త గొంతు అది. తనమీద తనకే కోపమొచ్చింది. ఊపిరి నిండా పీల్చుకుని, వాననూ మిషన్లనూ దాటించిన ఆ గొంతుతో పిలిచింది.

"ఏవండీ!"

కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఆయన కళ్ళు ఆర్పలేదు. దగ్గరికెళ్ళి భుజం పట్టుకుని మళ్ళీ పిలిచింది. ఆయన ఒళ్ళు చల్లగా తగిలింది. అయినా పిలుస్తూనే ఉంది. పైవాటా భార్యాభర్తలు ఈ అరుపులేమిటని అడగడానికి విసవిసా మెట్లు దిగి వచ్చారు. లోపలికి చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. ఆమెను ఊరుకోమనడానికి ఇద్దరిలో ఎవరికీ నోరు రాలేదు.

డాక్టరు వచ్చి, మధ్యాహ్నానికి ముందే పోయి ఉంటాడని చెప్పాడు. తర్వాత మనుషులు వచ్చారు, చెయ్యాల్సినవి చేశారు, ఆయన్ని తీసుకెళ్ళారు. అన్నీ అయ్యాక పైవాటా ఆవిడ గది సర్దబోయి, దారికి అడ్డంగా ఉందని కుర్చీ జరపబోయింది. పంతులమ్మ వద్దంది. రోజూ తను వచ్చి తలుపు తీయగానే ఆయన చూపు ఎదురయ్యేది. ఆలస్యమైందని చూస్తున్నాడనుకుని మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయేది. గడియ చప్పుడు వినపడని మనిషి, తను వచ్చిన సంగతి ఇంకెలా తెలుసుకుంటాడు?

కిటికీకీ టీవీకీ వీపు పెట్టి, తివాచీలో నాలుగు కాళ్ళకూ నాలుగు గుంటలు చేసుకుని, ఆ కుర్చీ తలుపు వైపు తిరిగి ఉంది.