పదకొండో మంచం నాడి

ఉదయం ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి ఆ వార్డులో అందరికీ నాడీ, బీపీ చూస్తారు. పదకొండో మంచం ఖాళీగా ఉన్నా వదలరు. దాని మీద తర్వాత పడుకోబోయే మనిషి నాడి అక్కడ ముందే కొట్టుకుంటుంది కాబట్టి చార్టు కూడా ముందే రాసి పెడతారు. దుప్పటి మీద చెయ్యి ఉండాల్సిన చోట బీపీ పట్టీ చుట్టి గాలి కొడితే, లోపల ఏమీ లేకపోయినా అది గుండ్రంగా బిగుసుకుంటుంది. పోయిన వారం పట్టీ మరీ వదులైందని పిల్లల పట్టీ తెప్పించారు. సాయంత్రానికి ఒక చంటిది రానే వచ్చింది.

పెద్ద నర్సును అందరూ నిమిషం అక్క అంటారు. మిగతావాళ్ళు పదిహేను సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేసి చేతులు దులుపుకుంటారు. ఈమె మాత్రం నిమిషం నిండితే గాని మణికట్టు వదలదు. ఇరవై రెండేళ్ళ మొండితనం.

ఆ మధ్యాహ్నం కొత్త నర్సు పదకొండో మంచం దగ్గర నుంచి పిలిచింది.

"అక్కా, పైది రెండొందల పది, కిందది నూట ఇరవై! ఎవరో గాని, పాపం, ఇవాళో రేపో పడిపోయేలా ఉన్నారు."

"నాడి?"

"ఎనభై ఎనిమిది."

"పదిహేను సెకన్లే చూశావు కదూ? తప్పుకో."

నిమిషం అక్క వంగి దుప్పటి మీద మూడు వేళ్ళు ఆనించింది. ముప్పై దాటాక ఒక దెబ్బ తప్పింది. అరవై దాటాక ఇంకోటి. ఈ మధ్య మెట్లెక్కుతుంటే తన గుండె కూడా సరిగ్గా ఇలాగే తడబడుతోంది.

బొటనవేలు తగిలిందేమో అనుకుంది. బొటనవేలికి సొంత నాడి ఉంటుంది. దాంతో చూస్తే రోగిది కాకుండా మనదే లెక్కకొస్తుందని కొత్తవాళ్ళకు నేర్పేది ఆమే. చూసుకుంది. బొటనవేలు దూరంగానే ఉంది.

ఒళ్ళు జల్లుమంది. ఆ క్షణంలోనే వేళ్ళ కింద నాడి కూడా పరుగందుకుంది.

ఆమె చార్టు లాక్కుని, నూట ఇరవై, ఎనభై అని రాసేసింది. అన్నేళ్ళలో ఆమె రాసిన మొదటి అబద్ధం అది.

"అదేంటక్కా?"

"మిషన్ పాతదయిపోయిందే. నువ్వెళ్ళి పన్నెండో మంచం చూడు."

కొత్త నర్సు కదల్లేదు. మళ్ళీ పట్టీ చుట్టి, స్టెతస్కోపు ఆనించి వింది. "చప్పుడు సన్నగిల్లుతోందక్కా," అంది. అప్పుడే నిమిషం అక్క చేతిలోంచి పెన్ను జారిపోయింది. తీయబోతే వేళ్ళు ముడుచుకోలేదు.

కొత్త నర్సు పెన్ను వైపు చూసింది, చార్టు వైపు చూసింది. పట్టీ విప్పి ఆమె వైపు తిరిగింది.

"చెయ్యివ్వండి."

"రౌండు అవనీ."

"రౌండు ఎక్కడికీ పోదు. మీరే పోయేలా ఉన్నారు. చెయ్యివ్వండక్కా!"

"భయంగా ఉందే నాకు. ఈ మంచం ఎక్కితే మళ్ళీ దిగనేమో."

"ఎక్కకపోతే స్ట్రెచర్ మీద తెస్తారు. అప్పుడు నాకు నాడి దొరకదు."

నిమిషం అక్క చెప్పులు విప్పి తనంతట తనే మంచం ఎక్కింది. పరుపు అప్పటికే వెచ్చగా ఉంది. తలకీ భుజాలకీ సరిపడా గుంటలు పడి ఉన్నాయి. పట్టీ ఆమె చేతికి చుడితే రెండొందల పది దగ్గరే చప్పుడు మొదలైంది. డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. ఇంజెక్షన్లు పడ్డాయి.

పడుకున్నంతసేపూ ఆమెకు వీపు కింద పరుపులో నాడి తెలుస్తూనే ఉంది. మొదట తన నాడితో కలిసి కొట్టుకుంది. తర్వాత వెనకబడింది. స్ట్రెచర్ మీద రావలసిన తన నాడి అది. కాసేపటికి ఆగిపోయింది.

ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది. తనది ఆగలేదు.

"దాన్ని కూడా చార్టులో రాయి," అంది మెల్లగా.

"ఏమని రాయనక్కా?"

"ఆగిపోయిందని. టైము వెయ్యి."

కొత్త నర్సు గడియారం చూసి, మూడూ పది అని రాసింది. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. పన్నెండో మంచం వాళ్ళు ఎంత పిలిచినా వదల్లేదు.